కూర్చున్న చేతికి నడవని వాచీ

ఆ రోజుల్లో మా ఇంట్లో టైము చూసుకోవడానికి వాచీ కావాలని ఎవరికీ తోచలేదు. ఉదయగిరి కొండ నీడ వచ్చి పశువుల కొట్టం మీద పడితే పాలు పిండే వేళ. ఆత్మకూరు బస్సు మలుపులో హారన్ కొడితే పొయ్యి మీద ఎసరు పెట్టే వేళ. చిన్నాయన పంచలో నుంచి "కాఫీ" అని కేకేస్తే అది ఏ వేళైనా సరే, కాఫీ వేళ. (ఆ రోజులంటే మరీ పాతకాలం అనుకునేరు. స్మార్ట్‌ఫోన్లు ఊళ్ళోకి కొత్తగా వచ్చిన రోజులు. సిగ్నల్ కోసం మనుషులు మిద్దెలెక్కి ఫోను పట్టుకున్న చెయ్యి పైకెత్తి నిలబడేవాళ్ళు. దూరం నుంచి చూస్తే ఊరు ఊరంతా ఎవరికో లొంగిపోయినట్టు ఉండేది.) నేను పదో తరగతి ఇంగ్లీషు దగ్గర ఆగిపోయి, పిన్నమ్మకు కొన్నాళ్ళు తోడుందామని చిన్నాయన ఇంటికి వచ్చినదాన్ని. వాళ్ళ మగపిల్లలిద్దరూ నెల్లూరు హాస్టల్లో ఉండేవాళ్ళు. ఇంట్లో పనికి నా చేతులు బాగా పనికొచ్చేసరికి ఆ కొన్నాళ్ళు నా పెళ్ళిదాకా సాగాయి.

మా చిన్నాయన గురించి ముందు చెప్పాలి. ఆయన ఎద్దుల మనిషి. ఏ సంతకు పోయినా ఎద్దును చూడాల్సి వస్తే జనం ఆయన్ను పిలుచుకుపోయేవాళ్ళు. పళ్ళు చూసి వయసు చెప్పేవాడు, సుడి చూసి గుణం చెప్పేవాడు, నాలుగడుగులు నడిపించి రేటు చెప్పేవాడు. తర్వాత ట్రాక్టరు వచ్చింది, ఎద్దులు పోయాయి. ఎద్దులతో పాటు ఆయన పని కూడా పోయింది. పంచలో చేతుల కుర్చీ ఒకటి వేయించుకుని అందులో కూర్చున్నాడు. పొద్దున కూర్చుంటే భోజనానికి లేచేవాడు, భోంచేసి మళ్ళీ కూర్చునేవాడు. ఆత్మకూరు డాక్టరు షుగరు పరీక్ష చేసి, "ఇట్టా కూర్చుంటే కుదరదు, రోజూ నడవాల" అని గట్టిగా చెప్పి పంపించాడు. చిన్నాయన ఒక్క పూట నడిచాడు. దారిలో కనిపించిన ప్రతివాడూ "ఏం పెద్దాయనా, ఎవురికన్నా బాగలేదా, యాడికి పోతాండావు?" అని అడిగాడట. ఇంటికొచ్చి, "పనిలేకుండా నడిస్తే ఊళ్ళో మర్యాదుండదమే" అని మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. పిన్నమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే లోపల భయపడుతోందని అర్థం.

ఆయనకు ఒకటే ఆశ మిగిలి ఉండేది. మా చెరువు సంఘానికి అధ్యక్షుడు కావాలని. ఒకప్పుడు మా తాత ఆ పెద్దరికం చేశాడు. తూము ఎప్పుడెత్తాలి, ఎవరి మడికి ముందు నీళ్ళు పోవాలి అన్నది మా పంచలోనే తేలేది. ఇప్పుడు ఆ పదవి ఖాళీ అయింది. పేరుకు రైతులందరూ కలిసి ఎన్నుకోవాలి గానీ, నెల్లూరు నుంచి వచ్చే నాయకుడు ఎవరి భుజం మీద చెయ్యి వేస్తే రైతులందరూ వాళ్ళనే ఎన్నుకునేవాళ్ళు. ఆ నాయకుణ్ణి అందరూ నెల్లూరన్న అనేవాళ్ళు. (మా చిన్నాయన ఆయనకంటే పెద్దవాడు. అయినా అన్నా అనే అనేవాడు. పదవికి వయసు జాస్తి.) పోటీగా ఉన్నది వరికుంటపాడు కాంట్రాక్టరు. మా చెరువు కింద నాలుగు మళ్ళు కొని, కొన్న మరుసటి రోజు నుంచే "మన చెరువు" అనడం మొదలుపెట్టిన మనిషి. ఒక పెళ్ళిలో నెల్లూరన్న ఈ కాంట్రాక్టరు మణికట్టు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి వాచీ చూసి, "స్విస్సుదా" అని అడిగాడట. పక్కనే నిలబడిన చిన్నాయన చేతికి మొలతాడు లాంటి దారం తప్ప ఏమీ లేదు. ఆ దారం కూడా ఎద్దు కొమ్ముకు కట్టగా మిగిలింది.

ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా, "నాకు స్విస్ వాచీ కావాల" అన్నాడు.

"దేనికి?" అంది పిన్నమ్మ. "ఈ కుర్చీలో కూర్చున్నోళ్ళకు టైముతో ఏం పని?"

"మనిషిని చూసేటప్పుడు నెల్లూరన్న ముందు చెయ్యి చూస్తాండాడు. ఎద్దును చూసేటప్పుడు మనం పళ్ళు చూడమా, అట్టా."

అప్పుడు రంగంలోకి దిగినవాడు కువైట్ మామ. మా పక్కింట్లో ఉండేవాడు. కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరుగా పనిచేసి వచ్చాడు. హిందీ వచ్చు, సెంటు వాసన వచ్చు, ఏ సంగతైనా "కువైట్‌లో అట్టా కాదు" అని మొదలుపెట్టడం వచ్చు. షోరూముకు పోతే బతకనివ్వరు, ఇంటర్నెట్‌లో బొంబాయి సేటు ఒకడున్నాడు అని ఆయనే చెప్పాడు. అదే కంపెనీ వాచీ, అసలుదే. కానీ కంపెనీ పెట్టిన అంగడి గుండా రాదు. ఇంకో దేశంలో చవగ్గా దొరికిన చోట కొని, పక్కదారిన తెచ్చి అమ్ముతారు. కంపెనీ గ్యారంటీ కార్డు ఇవ్వరు, గ్యారంటీ సేటు నోటిదే.

పిన్నమ్మకు ఇది నచ్చలేదు. "దొంగ సొత్తు ఇంట్లో పెడతావా?"

"దొంగ సొత్తు కాదక్కా," అన్నాడు కువైట్ మామ. "దారి తప్పిన సొత్తు."

"కాగితం లేకుండా ఎట్టా నమ్మేది?"

ఇక్కడ మా చిన్నాయన నవ్వాడు. ఎద్దులు పోయాక ఆయన మనస్ఫూర్తిగా నవ్వడం నేను అప్పుడే చూశాను. "కాగితం ఎవురిచ్చినారే మనకి? ఇన్ని ఎద్దులు కొన్నా, ఒక్క ఎద్దుకన్నా కంపెనీ కార్డుండాదా? అమ్మేవోడి కళ్ళు చూడాల, సరుకు నడక చూడాల. అంతే." చదువుకున్నవాళ్ళు భయపడే చోట ఆయనకు సొంత ఊరికి వచ్చినట్టయింది. ఎద్దులు అమ్మిన డబ్బు పిన్నమ్మ కదలనివ్వకుండా బ్యాంకులో వేయించింది. అది కదిలింది. "ఎద్దులు పోయి ఎద్దులే వస్తాండాయనుకో" అన్నాడు. పిన్నమ్మ తన చేతి గాజులు చూసుకుంటూ, "పేడన్నా వేసేవి అవి" అంది.

బేరం మిద్దె మీద జరిగింది, సిగ్నల్ అక్కడే కాబట్టి. ఫోను నా చేతిలో ఉంది. (ఇంట్లో ఇంగ్లీషు అక్షరాలు గుర్తుపట్టేది నేనొక్కదాన్నే. గుర్తుపట్టడం అంటే బస్సులో ఎదురు సీటు మనిషిని గుర్తుపట్టినట్టు, పేరు తెలీదు, ముఖం తెలుసు.) వీడియో కాల్‌లో సేటు కనిపించాడు. బొద్దుగా, బొట్టుతో, వెనక అద్దాల బీరువాతో. వాచీ తెచ్చి కెమెరా ముందు పెట్టాడు. ఉక్కు గొలుసు, నీలం ముఖం. చిన్నాయన కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగాడు.

"ఎనక్కి తిప్పమను." కువైట్ మామ హిందీలో చెప్పాడు. సేటు తిప్పాడు. వెనక అద్దంలో నుంచి లోపల ఒక చిన్న చక్రం తిప్పిన ఊపుకు గిర్రున తిరిగి ఆగడం కనిపించింది. "సుడి బాగుండాది," అన్నాడు చిన్నాయన. "ఇప్పుడు నడిపించమను."

సేటుకు ఏం చెప్పారో ఏమో, వాచీ చేతిలోకి తీసుకుని గలగలా ఊపాడు. సెకన్ల ముల్లు పరుగెత్తింది. ఆయన ఎందుకు ఊపాడో అప్పుడు మాలో ఒక్కరికన్నా అనుమానం వచ్చి ఉంటే ఈ కథే లేదు.

తర్వాత రేటు మాట వచ్చింది. మా వైపు సంతలో ఎద్దుల రేటు నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ చేతులు కలిపి, మీద తుండుగుడ్డ కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియకూడదు. చిన్నాయన జీవితంలో పెద్ద వస్తువు ఏదీ నోటితో బేరమాడి ఎరగడు. భుజం మీది తుండు తీసి, నా చేతిలోని ఫోను మీద కప్పి, తన చెయ్యి దాని కిందకు పోనిచ్చాడు. నాకు ఆయన వేళ్ళు ఫోను ముందు మడుస్తూ చాస్తూ ఉండడం గుడ్డ కదలికలో తెలుస్తోంది. లోపల నుంచి సేటు "హలో, హలో" అంటున్నాడు.

"చిన్నాయనా," అన్నాను మెల్లగా, "గుడ్డ కింద చీకటి. సేటుకు అగపడదు."

"అగపడకూడదనే గదా గుడ్డ కప్పేది. గమ్మునుండు."

కువైట్ మామ తల పట్టుకున్నాడు. "కువైట్‌లో అట్టా కాదు బావా" అనబోయాడు గానీ ఫోను కట్టయింది. చిన్నాయన తుండు దులిపి భుజాన వేసుకుని, సంతలో బేరం కుదరనప్పుడు పోయినట్టే, వెనక్కి చూడకుండా మెట్లు దిగి పోయాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ నిలబడ్డాం. కాసేపటికి ఫోను మోగింది. సేటు మెసేజి. ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ. నేను కూడబలుక్కుని చదివితే కువైట్ మామ అర్థం చెప్పాడు. సారుకు కోపం వచ్చినట్టుంది, మొహం చాటేశారు, ఇదే ఆఖరి రేటు అని, ముందు చెప్పినదానికంటే బాగా తగ్గించి పెట్టాడు. కిందికి పరుగెత్తుకుపోయి చెప్పాను. చిన్నాయన కుర్చీలో కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, "వేళ్ళు అందినాయి" అన్నాడు.

కొరియరు మా ఊరిదాకా రాదు. ఆత్మకూరు డిపో పక్కన కొట్లో తీసుకోవాలి. ముగ్గురం పోయాం. టీ కొట్టు బల్ల మీద డబ్బా విప్పితే చుట్టూ జనం మూగారు. వాచీ నడుస్తోంది. మరి నడవదా, బొంబాయి నుంచి లారీలెక్కి దిగి వచ్చిన వాచీ, ప్రయాణపు ఊపు ఇంకా దాని ఒంట్లో ఉంది. చిన్నాయన చేతికి పెట్టుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. టీ కొట్టాయన చెవి దగ్గర పెట్టాడు. ముక్కూ మొహం తెలియని ఒక ముసలమ్మ చెవి దగ్గర కూడా పెట్టాడు. ఆమె, "బాగుండాది నాయనా, పెళ్ళికొడుకెవురు?" అని అడిగింది. ఉదయగిరి బస్సులో దారి పొడుగునా కిటికీ రాడ్డు మీద చెయ్యి వేసుకుని వచ్చాడు. వాచీ బయటికి కనిపించేలా.

రెండు రోజులు ఊరంతా మా పంచలోనే ఉంది. వచ్చినవాళ్ళకు కాఫీలు పెట్టలేక నేనూ పిన్నమ్మా అలిసిపోయాం. చిన్నాయన కుర్చీలో కూర్చుని, ఎడమచెయ్యి కుర్చీ చెయ్యి మీద దేవుడి పటంలా పెట్టి, కుడిచేత్తో మాత్రమే కాఫీ తాగాడు. మూడో రోజు పొద్దున లేచి చూసుకుంటే వాచీ ఆగిపోయి ఉంది.

ఇల్లంతా సావు కబురు వచ్చినట్టయింది. "అప్పుడే చెప్పినా" అని పిన్నమ్మ అనలేదు, అది ఆమె గొప్పతనం. అనకుండా అటూ ఇటూ నడిచింది, అది ఇంకా గట్టిగా వినిపించింది. కువైట్ మామను మిద్దె ఎక్కించి సేటుకు ఫోను చేయించాం. సేటు కంగారు పడలేదు. ఇది ఆటోమేటిక్కు, బ్యాటరీ ఉండదు, పెట్టుకున్న మనిషి చెయ్యి కదిలితే ఆ కదలికతోనే నడుస్తుందన్నాడు. పెట్టుకోకుండా బీరువాలో పెట్టారా అని అడిగాడు. లేదు, నిద్రలో కూడా తీయలేదన్నాం. సేటు ఇంకేదో అడిగాడు. కువైట్ మామ ఫోను చేత్తో మూసి, నేల చూపులు చూస్తూ మాకు చెప్పాడు.

"సారు ఏం పని చేస్తాడు అని అడగతాండాడు బావా."

కింద వంటింట్లో నుంచి పిన్నమ్మ గొంతు వచ్చింది. "చెప్పు తమ్ముడూ, దాపరికం దేనికి. కూర్చుంటాడని చెప్పు."

కూర్చునేవాళ్ళ కోసం వాచీని పెట్టి కరెంటుతో తిప్పే పెట్టె ఒకటి ఉంటుందని, పంపించమంటే పంపిస్తానని సేటు అన్నాడు. ఆ సంగతి తెలిసి పిన్నమ్మ చెయ్యి తుడుచుకుంటూ మిద్దె మీదకే వచ్చింది. "కూర్చున్న మనిషికి అన్నీ అందించేదానికి నేనుండాను. ఇప్పుడు కూర్చున్న వాచీకి ఉయ్యాల ఊపేదానికి ఇంకోటా?"

చిన్నాయన మాత్రం కోప్పడలేదు. వాచీ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "దాని తప్పు కాదులే," అన్నాడు చివరికి. "మంచి ఎద్దును కట్టేసి మేపితే ఏమయిద్ది? కాళ్ళు పట్టేస్తాయి. దీన్ని పనిలో పెట్టాల." పనిలో పెట్టాలంటే ఇంట్లో పనిచేసే చెయ్యి కావాలి. అందరూ నా వైపు చూశారు.

అలా ఆ స్విస్ వాచీ నా చేతికెక్కింది. అప్పట్లో మాకు మూడు బర్రెలు. మిక్సీలో తీసిన వెన్నకు రుచి ఉండదని పిన్నమ్మ పట్టుదల. కాబట్టి పొద్దున్నే కుండ ముందు కూర్చుని కవ్వం తాడు లాగేది నేను. వాచీ నా మణికట్టుకు నిలవక మోచేతి దాకా ఎక్కేది. వెన్న పైకి తేలేసరికి వాచీ కూడా కడుపు నిండినట్టు టిక్కుటిక్కుమని నడిచేది. అంట్లు తోమేటప్పుడు ఒకటి రెండుసార్లు బూడిదలో కూడా మునిగింది. సేటు నీళ్ళకు భయం లేదన్నాడు గానీ బూడిద సంగతి మేం అడగలేదు. పాలకు వచ్చిన ఆడవాళ్ళు నా చెయ్యి చూసి, "ఏంమే, మొగుడు కువైట్‌లో దొరికినాడా?" అనేవాళ్ళు. నాకు మాత్రం గొప్పగా ఉండేది. చిన్నాయన చేతికి ఆగిపోయింది నా చేతికి నడుస్తోంది. ఇంగ్లీషు పరీక్షలో కూడా నన్ను ఎవరూ అంతగా ఒప్పుకోలేదు మరి.

నాలుగు రోజులు పోయాక పిన్నమ్మ మెల్లగా అంది. "ఆ పిల్ల ఒంటి మీద నెయ్యి వాసన పట్టిన వాచీ పెట్టుకుని నెల్లూరన్న ముందరికి పోతావా? ఎవురి ఎద్దును వాళ్ళే దున్నించుకోవాల. నువ్వే చిలుకు." చిన్నాయన మొదట ఒప్పుకోలేదు. తర్వాత, తలుపు మూసి, కిటికీ మూసి, ఎవరైనా వస్తే దగ్గమని నన్ను వాకిట్లో కూర్చోబెట్టి, కవ్వం ముందు కూర్చున్నాడు. మొదటి రోజు వెన్న రాలేదు, గోడలకు మజ్జిగ వచ్చింది. తర్వాత తర్వాత చెయ్యి కుదిరింది. ఎద్దుల పగ్గాలు పట్టిన చేతులు గదా, తాడు సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. లోపల నుంచి ఆయన "హై, హై" అనడం కూడా నాకు వినిపించేది.

అంతలో నెల్లూరన్న ఆత్మకూరు వస్తున్నాడని, కల్యాణ మండపంలో మీటింగని, చెరువు సంఘాల సంగతి ఆ రోజే తేలిపోతుందని కబురు వచ్చింది. ఇక్కడ పంతులు అడ్డం పడ్డాడు. వాచీని మీటింగుకు మంచి గడియలో కట్టుకోవాలన్నాడు. అష్టమి, నవమి దాటనిచ్చి, దశమి పొద్దున కట్టుకోమన్నాడు. అందాకా దేవుడి గూట్లో ఉంచమన్నాడు. పసుపు, కుంకుమ, ఒక నిమ్మకాయ. వాచీ గూట్లో రెండు రోజులు పూజలందుకుని హాయిగా ఆగిపోయింది. దశమి తెల్లవారి చూసేసరికి చిలకడానికి వేళ లేదు, బస్సు వచ్చేస్తోంది. టైము సరిచేసి, నేను గలగలా నాలుగు ఊపులు ఊపి ఇచ్చాను. నడిచింది. చిన్నాయన దండం పెట్టుకుని కట్టుకున్నాడు. గొలుసు సందులో కుంకుమ ఇంకా ఉంది.

మీటింగుకు ఆడవాళ్ళను కూడా తీసుకుపోయారు. (కుర్చీలు నిండుగా కనిపించాలి గదా. మనిషికొక బిస్కెట్టు పొట్లం, నీళ్ళ సీసా ఇచ్చి వరసల్లో నింపారు. మేం ఎవరి తరఫున వచ్చామని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.) నెల్లూరన్న పదింటికి వస్తాడన్నారు. చిన్నాయన ముందు వరసలో కూర్చున్నాడు. తెల్ల చొక్కా చెయ్యి ఒక మడత మడిచి, ఎడమచెయ్యి మోకాలి మీద పెట్టి, ఫోటో దిగేవాడిలా బిగుసుకుని. ఆ చెయ్యి కదిపితే చొక్కా జారి వాచీ మూసుకుపోతుందని భయం. కాంట్రాక్టరు మాత్రం కూర్చోలేదు. వంటల దగ్గరికి పోయాడు, మైకు దగ్గరికి పోయాడు, గేటు దగ్గరికి పోయి ఫోన్లు మాట్లాడాడు. పది పోయింది, పన్నెండు పోయింది. సాంబారు వాసన వచ్చింది, సాంబారు వాసన పోయింది. చిన్నాయన కదల్లేదు. పిన్నమ్మ నా చెవిలో, "వాచీ చచ్చిపోయుంటాదే" అంది. నాకూ అదే అనిపించింది. కానీ ఆడవాళ్ళ వరసలో నుంచి లేచిపోయి ముందు వరసలో మగవాడి చెయ్యి ఊపి వచ్చే ధైర్యం ఎవరికుంది.

ఎప్పటికో కార్లు వచ్చాయి. దండలు, డప్పులు, తోపులాట. నెల్లూరన్న చెమట తుడుచుకుంటూ స్టేజీ ముందుకు వచ్చి, నవ్వుతూ, "ఏందబ్బయ్యా, లేటయిందా? టైమెంతయింది?" అన్నాడు. కాంట్రాక్టరు రెండంగల్లో దూకి, చెయ్యి పైకెత్తి, షోరూము వాచీ చూసి, "మూడుంబావన్నా. కరెక్టుగా మూడుంబావు" అన్నాడు. మైకు దగ్గరే ఉన్నాడేమో, ఆ మూడుంబావు మండపమంతా మోగింది. వెనక వరసలో ఎవరో ఆవలించారు. నెల్లూరన్న నవ్వు సగంలో ఆగింది. ముఖం చిన్నబుచ్చుకుని పక్కకు తిరిగితే ముందు వరసలో మా చిన్నాయన, మోకాలి మీద వాచీతో ఉన్నాడు.

"నీ దాంట్లో ఎంతయిందయ్యా పెద్దాయనా?"

మా చిన్నాయన ఇన్ని నెలలు బతికింది ఈ ఒక్క ప్రశ్న కోసం. లేచి నిలబడి, చెయ్యి ముందుకు చాచి, కళ్ళజోడు సర్దుకుని, పంచాంగం చదివినంత శ్రద్ధగా చూసి చెప్పాడు.

"పదకొండూ అయిదన్నా."

పిన్నమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అయిపాయ. సంఘమూ పాయ, పరువూ పాయ." కాంట్రాక్టరు పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంటున్నాడు. నెల్లూరన్న చిన్నాయన ముఖంలోకి చూశాడు. అక్కడ వెటకారం లేదు, భయం లేదు. పదకొండు అయిదు మాత్రమే ఉంది.

అప్పుడు నెల్లూరన్న పగలబడి నవ్వాడు. ఆయన నవ్వితే అందరూ నవ్వాలి గదా, అందరూ నవ్వారు. "చూసినారా," అన్నాడు చిన్నాయన భుజం మీద చెయ్యి వేసి, "ఇదీ మన మనిషి వాచీ అంటే. నేను వచ్చేదాకా టైముని కదలనీకుండా పట్టుకోనుండాడు. ఈయన లెక్కన నేను ఒక గంటే లేటు." చెయ్యి భుజం మీద పడింది. ఆ తర్వాత రైతులందరూ కలిసి ఎవరిని ఎన్నుకున్నారో మీకు చెప్పనక్కరలేదు. (ఆ రోజు నుంచి నెల్లూరన్న మీటింగులకు పోయేవాళ్ళు వాచీలు వెనక్కి తిప్పుకుని పోయేవాళ్ళని చెప్పుకుంటారు. కాంట్రాక్టరు అయితే వాచీ జేబులో పెట్టుకునేవాడట.)

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చిన్నాయన చాలాసేపు కిటికీలో నుంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఉదయగిరి కొండ కనిపించే మలుపులో నా వైపు వంగి, పిన్నమ్మకు వినపడకుండా అన్నాడు.

"పాపా, నిజంగానే పదకొండే అనుకున్నానే. ఆకలి మటుకు శానా అయింది. ఏందబ్బా ఈ ఆకలి, ఇంత పెందలాడే అనుకున్నా."

అధ్యక్షుడయ్యాక ఆయనకు కుర్చీ దొరకలేదు. పొద్దున్నే తూము దగ్గర తగాదా, మధ్యాహ్నం కాలవలో గండి, సాయంత్రం కట్ట మీద కంపచెట్లు కొట్టించే పని. చెరువు కట్ట ఈ కొస నుంచి ఆ కొసకు ఆయన నడుస్తుంటే ఇప్పుడు "ఎవురికన్నా బాగలేదా" అని అడిగేవాడు లేడు. చేతులు తిప్పుతూ రైతుల్ని తిట్టేవాడు. ఎంత తిడితే అంత బాగా నడిచేది వాచీ. ఆత్మకూరు డాక్టరు రిపోర్టు చూసి, ఏం మందు వాడావని అడిగాడట. చిన్నాయన చెయ్యి చూపించాడు. సంఘం గడువు తీరిపోయి మళ్ళీ కుర్చీలోకి వచ్చాక మాత్రం, తలుపు మూయకుండానే కవ్వం ముందు కూర్చునేవాడు. పాలకు వచ్చిన ఆడవాళ్ళు చూసినా, "వాచీకి మేత" అని చెప్పి తాడు లాగేవాడు.

నా పెళ్ళి ఆత్మకూరులో టిఫిన్ సెంటరు నడిపే ఆయనతో అయింది. అప్పగింతలప్పుడు చిన్నాయన తన చేతికున్న వాచీ విప్పి నా చేతికి పెట్టి, "దీనికి నీ చెయ్యే మేలు పాపా. ఆగే చెయ్యి కాదు నీది" అన్నాడు. అందరి ముందూ ఏడ్చేశాను. నాకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఎవరిస్తారు. పిన్నమ్మ కళ్ళు తుడుచుకుంటూ నన్ను పక్కకు తీసుకుపోయి, వాచీ పక్కన టైము సరిచేసేదానికి లాగే చిన్న మేకు లాంటి కీ పట్టుకుని చూపించింది. "పొద్దున్నే దీన్ని లాగకుండానే కాస్త తిప్పినావంటే చాలు, ఊపే పనే లేదు."

"నీకెట్టా తెలుసు?"

"అది వచ్చిన వారంలోనే తిప్పి చూసినా."

"మరి చిన్నాయనకు చెప్పలేదేందే?"

పిన్నమ్మ నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "మీ చిన్నాయన లేచి చెయ్యి కదిలిస్తాంటే, ఆపేదానికి నాకేం పిచ్చా?"

ఇప్పుడు నా రోజు ఇంకా చీకటి ఉండగానే మొదలవుతుంది. పిండి కలపాలి, దోసెలు తిప్పాలి, బల్లలు తుడవాలి. నా చేతికి వాచీ ఆగిపోవడం అన్న మాటే లేదు. పిన్నమ్మ ఫోను చేసినప్పుడల్లా ముందు, "వాచీ నడస్తాందా?" అని అడుగుతుంది. నేను బాగున్నానా అని అడగడం అది. చిన్నాయన ఇప్పటికీ చెరువు కట్ట మీద చేతికర్రతో నడుస్తున్నాడట, ఏ పదవీ లేకుండానే. అప్పటి ఆ పిల్ల గుర్తొస్తుంది నాకు. మోచేతి దాకా ఎక్కిన వాచీతో కవ్వం తాడు లాగుతూ, నా చెయ్యి ఆగదని మురిసిపోయిన పిల్ల. ఆగని చేతికి బిరుదు ఇస్తారు గానీ కుర్చీ ఇవ్వరని దానికెవరూ చెప్పలేదు. చెప్పినా వినేది కాదులెండి, వెన్న తేలే శబ్దంలో పడి.

అందుకే ఆదివారం అంగడి సెలవు పెట్టినప్పుడు నేనొక పని చేస్తాను. శనివారం రాత్రే వాచీ తీసి, కీ లాగి, ముళ్ళు పదకొండు అయిదు దగ్గర పెట్టి, లాగిన కీ లాగినట్టే వదిలేస్తాను. అలా వదిలితే అది కదలదు. మర్నాడు భోజనాలయ్యాక వాకిట్లో కుర్చీ వేసుకుని, చిన్నాయన లాగే ఎడమచెయ్యి కుర్చీ చెయ్యి మీద పెట్టుకుని కూర్చుంటాను. మా ఆయన లోపల నుంచి, "టైమెంతయిందే, టీ పెట్టవా?" అంటాడు. నేను వాచీ వైపు శ్రద్ధగా చూసి చెప్తాను.

"పదకొండే గదయ్యా. ఇంకా శానా టైముండాది."